సింహాల వెనక గేటు

రేవు శాఖ ఆఫీసులో ఆమెను పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఎదురుగా ఉంటే మేడమ్, పక్కకి తిరిగితే బెంచీలమ్మ. ఏం గియ్యమన్నా అందులో ఒక బెంచీ పెట్టేది కాబట్టి ఆ పేరొచ్చింది. గోదాము ప్లాను గియ్యమంటే గోదాము ముందు బెంచీ. సుంకం వసూలు చేసే గది గియ్యమంటే దాని నీడన బెంచీ. ఆఖరికి మురుగునీళ్ళ పంపుకి షెడ్డు గియ్యమన్నారు, దానికీ ఓ బెంచీ తగిలించింది. "మురుగు పంపు చూస్తూ ఎవరు కూర్చుంటారమ్మా?" అని పెద్దింజనీరు అడిగితే, "పంపు నడిపేవాడు కూర్చోడా సార్? వాడికి మాత్రం కాళ్ళు నొప్పి పుట్టవా?" అంది. పంపు నడిపేవాడికి కాళ్ళున్న సంగతి ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరికీ తట్టినట్టు లేదు.

తట్టినా బెంచీ మాత్రం కట్టలేదు. ఎందుకంటే ఆ ఆఫీసులో ఓ ఆచారం ఉంది. ప్లాను పైకి వెళ్ళిందంటే పెద్దింజనీరు అందులో ఏదో ఒకటి ఎర్ర పెన్సిలుతో కొట్టెయ్యాలి. కొట్టెయ్యలేదంటే ఆయన చూడలేదన్నమాట. చూడకుండా సంతకం పెట్టాడన్న మాట ఏ పెద్దమనిషి పడతాడు చెప్పండి? గోడ కొట్టేస్తే కప్పు కూలుతుంది, మెట్లు కొట్టేస్తే మేడ ఎక్కలేం. బెంచీ కొట్టేస్తే ఎవడికి నష్టం? అందుకని ఏళ్ళ తరబడి ఎర్ర పెన్సిలు వచ్చి వచ్చి ఆమె బెంచీల మీదే వాలేది.

చివరికి, రేపో మాపో రిటైరయ్యే ఓ ముసలి డ్రాఫ్ట్స్‌మన్ ఆమెను పక్కకి పిలిచి చెప్పాడు. "పిచ్చిదానివమ్మా నువ్వు. ప్లానులో ఓ దిష్టిబొమ్మ పెట్టుకో. ఆయన కన్ను దాని మీద పడుతుంది, దాన్ని కొట్టేస్తాడు. నీ బెంచీ నీకు దక్కుతుంది."

ఆ రోజు నుంచి ఆమె దశ తిరిగింది. ప్రతి ప్లానులోనూ కావాలని ఓ పనికిరానిది గీసేది. ఓసారి గడియారం స్తంభం, ఓసారి జెండా దిమ్మె, ఎక్కువసార్లు ఫౌంటెన్. పెద్దింజనీరు ఫౌంటెన్ మీద ఎర్రగీత కొట్టి, "దుబారా తగ్గించాలమ్మా" అని చెప్పి, తృప్తిగా సంతకం పెట్టేవాడు. అలా ఆ రేవు పొడుగునా ఎన్నో బెంచీలు లేచాయి. ప్రతి బెంచీ వెనకా కట్టని ఫౌంటెన్ ఒకటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆమె కన్ను డేగకన్ను. ఆఫీసులో ఎవరు ఏం గీసినా పైకి వెళ్ళేముందు ఆమె బల్ల మీదికి రావాల్సిందే. తలుపు తెరిస్తే బీరువాకి కొట్టుకుంటుందా, మెట్ల కింద నడిస్తే నెత్తి తగులుతుందా, అన్నీ ఇట్టే పట్టేసేది. పట్టి ఊరుకునేదా? గది మొత్తం వినేలా "ఏం బాబూ, ఈ తలుపు తీసుకుని వంటావిడ లోపలికెలా వెళ్తుంది, గోడలోంచా?" అని అడిగేది. ఆమె బల్ల మీంచి తప్పు ప్లాను ఒక్కటీ కిందికి దిగలేదు. అందం గురించి గానీ, తెలివి గురించి గానీ గొప్పలు పోని మనిషికి ఈ ఒక్క విషయంలో మాత్రం మహా గర్వం.

ఇంట్లో ఇంకో ఇద్దరు. మొగుడు లాంచీ సరంగు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి జనాన్ని దాటించడం ఆయన పని. బంగారంలాంటి మనిషే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున ఇంట్లో పాలు పొంగిపోతే మధ్యాహ్నానికల్లా రెండు ఒడ్ల వాళ్ళకీ తెలిసిపోయేది. రెండో మనిషి అత్తగారు.

అత్తగారికి కోడలి ఉద్యోగం మీద ఏనాడూ గౌరవం లేదు. "గీతలు గీస్తే జీతమిస్తారా? మా కాలంలో గోడ మీద గీతలు గీస్తే వీపు చిట్లగొట్టేవాళ్ళు" అనేది. ఆవిడ దర్బారంతా పాత రేవులో, రేకుల షెడ్డు కింద. వానొస్తే కారేది, ఎండొస్తే కాలేది, అయినా పొద్దున్నే మంచి బట్టలు కట్టుకుని అక్కడికి వెళ్తేగానీ ఆవిడకి తెల్లారేది కాదు. పెద్దచెముడున్న దర్జీ ఒకాయన, బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక ఆఫీసు వేళల్లో అక్కడే కూర్చుని పొద్దుపుచ్చే గుమాస్తా ఒకతను, అంతా ఆవిడ సభ. వాళ్ళల్లో లాంచీ ఎక్కే పని ఎవరికీ లేదు. షెడ్డుకి గేటు లేదు కనక ఎవరూ అడగలేదు.

ఆ షెడ్డు పీకేసి కొత్త టెర్మినల్ కట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్లాను బెంచీలమ్మకే అప్పగించారు. "ఇంక నేనెక్కడ కూర్చోవాలే?" అని అత్తగారు దిగాలుగా అడిగితే, "కొద్ది నెలలు ఓపిక పట్టండత్తయ్యా. మీ కోసమే కడుతున్నాననుకోండి" అంది కోడలు. ప్లాను తన చేతిలోనే ఉందన్న నమ్మకంతో అన్న మాట అది. మాటదేముంది, అనేశాక దాన్ని మొయ్యాలి కదా!

ఉత్తర్వులో ఓ వింత షరతుంది. టెర్మినల్ ప్రయాణికులకే కాదు, ఊరందరికీ కూర్చునే చోటుగా కూడా ఉండాలట. పెద్దింజనీరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"అంటే టికెట్టు లేనివాళ్ళు కూడా లోపలికొస్తారా? వచ్చి ఏం చేస్తారు?"

"కూర్చుంటారు సార్."

"కూర్చుని?"

"నీళ్ళు చూస్తారు."

"చూసి?"

"లేచి ఇంటికెళ్ళిపోతారు సార్."

ఇందులో శాఖకి లాభం ఏ మూలనుందో ఆయనకి బోధపడలేదు. "సరే, ఏదో గియ్యి" అన్నాడు.

ఆమె ప్రాణం పెట్టి గీసింది. వీధి నుంచి నీళ్ళ దాకా ఒకే ఒక పొడుగాటి చావడి. నీళ్ళలోకి దిగే వెడల్పాటి మెట్లు. నీళ్ళు చూసేవాళ్ళకి నీళ్ళవైపు బెంచీలు, కబుర్లరాయుళ్ళకి ఎదురెదురు బెంచీలు, ఎవరి కంటా పడకుండా కూర్చోవాలనుకునేవాళ్ళకి ఓ మూల గోడవైపు తిరిగిన బెంచీ. గేటు మాత్రం అన్నిటికన్నా చివర, లాంచీలోకి తీసుకెళ్ళే ఇనప వంతెన మొదట్లో పెట్టింది. మనిషి పట్టేంత చిన్న గేటు. అసలు కీలకమంతా అక్కడే ఉంది. గేటు నీళ్ళ దగ్గరుంటే చావడి ఊరందరిదీ. వీధిలో ఉంటే టికెట్టు కొన్నవాళ్ళది.

మరి దిష్టిబొమ్మ కావాలిగా? ఈసారి ఫౌంటెన్ చాలదనుకుంది. వీధి వైపు ఇంకో గేటు గీసింది. నవ్వాపుకుంటూ గీసింది. లావుపాటి స్తంభాలు, వాటి మీద కమాను, గోడకి మడిచిపెట్టే పేద్ద ఇనప రెక్కలు, చెరో పక్కా కోరలు చూపిస్తున్న సిమెంటు సింహం. కళ్ళున్నవాడెవడూ దాన్ని బతకనివ్వడని ఆమె ధీమా.

పెద్దింజనీరు ప్లాను విప్పాడు. సింహాలను చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అబ్బ! గేటంటే ఇదమ్మా! ఇన్నాళ్ళూ ఈ కళంతా ఎక్కడ దాచావు?"

ఆయన ఎర్ర పెన్సిలు తీసి చావడంతా తిరిగి, చివరికి నీళ్ళ దగ్గర ఆగాడు. "రెండు గేట్లెందుకమ్మా? దుబారా కదూ?" అని చిన్న గేటు మీద అడ్డంగా గీత కొట్టేశాడు.

"సార్, ఊరందరికీ అని ఉత్తర్వులో ఉంది కదండీ..."

"టికెట్టు కొన్నవాళ్ళు ఊరివాళ్ళు కారా ఏమిటి?" అన్నాడాయన. పోనీ టికెట్టు కొనుక్కుని కూర్చోనిస్తారా అంటే, టికెట్టున్నవాళ్ళు వచ్చే లాంచీలో వెళ్ళిపోవాల్సిందేనని ఇంకో రూలు. ఎవరి కోసం తవ్విన గోతిలో ఎవరు పడ్డారో చూశారా! అంత తెలివైన మనిషీ తన చేత్తో తనే అత్తగారి మొహాన గేటు వేసింది.

ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలా అని మథనపడుతుంటే ఆ శ్రమ మొగుడు తప్పించాడు. మర్నాడు భోజనాల దగ్గర సరంగుగారు చల్లగా, "అమ్మా, నీకు తెలుసా, కొత్త రేవుకి సింహాల గేటట. టికెట్టు లేకపోతే లోపలికి రానివ్వరట" అన్నాడు.

అత్తగారు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి కోడలి వంక చూసింది. "నా కోసమే కడుతున్నానన్నావు. బయట నిలబడి చూసుకోమనా?"

కోడలు తల ఎత్తలేదు. మంచి తిట్లు నాలుగు పడతాయని ఎదురు చూసింది. పడలేదు. ఆ పూటా పడలేదు, ఆ వారమూ పడలేదు. అలవాటు చొప్పున పొద్దున్నే మంచి బట్టలు కట్టుకునేది అత్తగారు. కట్టుకుని, షెడ్డు పీకేశారని, ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తొచ్చి, కిటికీ దగ్గర కూర్చునేది. తర్వాత్తర్వాత బట్టలు మార్చడం కూడా మానేసింది. కాఫీ చల్లారిపోయినా నోరెత్తేది కాదు. తిట్టే అత్తగారితో ఇన్నేళ్ళు వేగిన కోడలికి, తిట్టని అత్తగారిని చూస్తే భయమేసింది. ఎంత భయమేసిందంటే, ఓ రోజు కావాలనే కాఫీలో చక్కెర వెయ్యకుండా ఇచ్చింది. ముసలావిడ మొహమైనా చిట్లించకుండా తాగేసింది.

ఇంతలో పెద్దింజనీరుకి సింహాల మీద మోజు ముదిరింది. ఏదో ఊరెళ్ళి అక్కడెవరి సింహాలనో చూసొచ్చాడు. "మనవి మరీ పిల్లుల్లా ఉన్నాయమ్మా. ఒకటిన్నర రెట్లు చెయ్యి" అని పురమాయించాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక ఆమె ఒక్కతీ కూర్చుని సింహాన్ని పెంచింది. తల పెరిగింది, జూలు పెరిగింది, వాటితోపాటు వెనక భాగమూ పెరిగింది. పెరిగి, సరిగ్గా గేటు రెక్క తిరిగే గీత మీదికొచ్చి తిష్ట వేసింది. ప్లానులో ప్రతి తలుపుకీ ఓ వంపు గీత ఉంటుంది, అది తెరుచుకునేటప్పుడు మూసుకునేటప్పుడు ఎంత మేర తిరుగుతుందో చూపించడానికి. ఆ మేరలో ఏమీ ఉండకూడదు. ఇప్పుడు అక్కడ సింహం పిర్ర ఉంది. ముందు రెక్కలు బిగించి, గోడకి మడిచి, తర్వాత సింహాన్ని పోస్తే, ఆ రెక్కలు మళ్ళీ ఇవతలికి రావు. ఎప్పటికీ రావు.

డేగకన్ను ఒక్క క్షణంలో పట్టేసింది. చెయ్యి తనంతట తనే రబ్బరు మీదికెళ్ళింది. దిమ్మెను కాస్త ఇవతలికి జరిపితే చాలు, చిటికెలో పని. జరిపితే గేటు మూసుకుంటుంది. మూసుకుంటే కిటికీ దగ్గర కూర్చున్న మనిషి అక్కడే కూర్చుంటుంది.

రబ్బరు చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్ళుగా ఎంతమంది కుర్రాళ్ళని ఇలాంటి తప్పులకి నిలబెట్టి కడిగేసింది! ఎవరైనా ఈ ప్లాను చూస్తే, "బెంచీలమ్మకి కళ్ళు పోయాయా?" అనరూ? అంటారు. ఆమె మీద ఆమెకే అసహ్యం వేసింది. అయినా రబ్బరు డబ్బాలో పెట్టేసి కింద సంతకం చేసింది.

ఆ తప్పు ఎవరైనా పట్టుకుంటారేమోనని ఓ వారం నిద్ర లేదు. ఎవరు పడతారు? అందరి ప్లానులూ చూసేది తను. తన ప్లాను చూసేవాళ్ళెవరూ లేరు. పెద్దింజనీరు సింహాలను చూసి మురిసి, ఆచారం తప్పకుండా ఓ చెత్తకుండీ కొట్టేసి సంతకం పెట్టాడు. కట్టేటప్పుడు మాత్రం మేస్త్రి వచ్చి నసిగాడు. "అమ్మా, సింహం గేటుకి అడ్డమొస్తుందేమోనండీ..."

"ప్లానులో ఎలా ఉంటే అలా కట్టండి" అందామె, అతని మొహం చూడకుండా.

"మీ ఇష్టమండీ" అన్నాడతను. ఆ మాట చెప్పించుకున్నాక ఇంక అతనికేం బాధ?

ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. పెద్దింజనీరు రెండు సింహాల మధ్య నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆ ఫోటో పేపర్లో కూడా వచ్చింది. సింహాలు బాగున్నాయి, ఆయనే కాస్త చిన్నగా కనిపించాడు. సాయంత్రం ఆఖరి లాంచీ వెళ్ళాక కాపలావాడు గేటు మూద్దామని లాగాడు. రెక్క జానెడు కదిలి సింహానికి తగిలి ఆగింది. ఇంకో నలుగురొచ్చి లాగారు. సింహం కదుల్తుందా? రెక్కలు రెండూ గోడకి, సింహాలకి మధ్య ఇరుక్కుపోయి, బోనులో పడ్డ జంతువుల్లా ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున్నే పంచాయితీ. గేటు ముయ్యాలంటే సింహాలను పగలగొట్టాలి. పగలగొడితే, పేపర్లో పడ్డ సింహాలేమయ్యాయని ఎవరైనా అడుగుతారు. ఒకటిన్నర రెట్లు చెయ్యమన్నదెవరు అని కూడా అడుగుతారు. ఏళ్ళ తరబడి ప్రతిదాన్నీ కొట్టేస్తూ వచ్చిన పెద్దమనిషికి ఆ సింహాల జోలికి వెళ్ళడానికి చెయ్యి రాలేదు. గేటుకి అడ్డంగా తాడు కట్టించాడు. జనం తాడు కిందినుంచి వంగి దూరారు. ఇద్దరు కాపలావాళ్ళను నిలబెట్టాడు. లాంచీ వచ్చిందంటే వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ మధ్య వాళ్ళే నలిగిపోయారు. చివరికి టికెట్లు చూసే అతను విసిగి వేసారి, తన స్టూలు చంకన పెట్టుకుని లోపలికి నడిచి, దారి ఇరుగ్గా ఉన్నచోట, ఇనప వంతెన మొదట్లో వేసుకుని కూర్చున్నాడు. అక్కడైతే ఒక్కొక్కరినే చూసి పంపొచ్చు. ఎర్ర పెన్సిలు కొట్టేసిన గేటు సరిగ్గా ఆ చోటనే ఉండేది.

బెంచీలమ్మను లోపలికి పిలిచారు. పెద్దింజనీరు, ఇంకో ఇద్దరు అధికారులు కూర్చుని ఉన్నారు. ముందు ప్లాను పరిచి ఉంది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదేనండీ."

"సింహం అడ్డమొస్తోందని నువ్వు చూళ్ళేదా? నువ్వా?"

చూశానంటే, కావాలని చేసినట్టు. నేరమంతా ఆమె మీదికి తోసి ఆ పూటే సింహాలు పగలగొట్టిస్తారు, గేటు పడుతుంది. చూడలేదంటే, చేతకానిదని రాసుకుంటారు, అంతే.

"చూళ్ళేదు సార్."

పెద్దింజనీరు గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. తప్పు ఎవరిదో తేలిపోయింది, సింహాలు బతికిపోయాయి. ఇకమీదట ఆమె గీసినవన్నీ ఇంకొకరు సరిచూడాలని ఉత్తర్వు వేశారు. ఆ ఇంకొకరు ఎవరో కాదు, కిందటేడు చేరిన కుర్రాడు, వంటావిడను గోడలోంచి పంపినవాడు. అతను మొదటిరోజే ఆమె ప్లాను పట్టుకొచ్చి, గది మొత్తం వినేలా, "మేడమ్, ఈ కిటికీకి ఊచలు మర్చిపోయారు" అన్నాడు. నిజంగానే మర్చిపోయింది. ఆఫీసంతా కిసుక్కుమంది. ఆమె బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంటికొస్తే మొగుడు జాలి పడ్డాడు. "పోన్లేవే, మనిషన్నాక తప్పు చెయ్యకుండా ఉంటాడా? నేనోసారి లాంచీని ఇసకలోకి ఎక్కించలేదూ?" అని పక్కన కూర్చుని వీపు నిమిరాడు. అది పొరపాటు కాదండీ, కావాలనే చేశాను అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన ఎంత మురిసిపోతాడో తెలుసు. ఎంత త్వరగా రెండు ఒడ్లకీ చెబుతాడో కూడా తెలుసు. ఆ సాయంత్రానికే సింహాలకి గునపాలు పడతాయి. "అవునండీ, వయసు మీద పడుతోంది" అని ఊరుకుంది.

అత్తగారు మళ్ళీ పొద్దున్నే మంచి బట్టలు కట్టుకోవడం మొదలెట్టింది. మూడో రోజుకల్లా కాఫీ బాగాలేదని తిట్టింది. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

ఓ సాయంత్రం ఆఫీసు నుంచి కాస్త ముందే లేచి తిన్నగా రేవుకి నడిచింది బెంచీలమ్మ. చావడి నిండుగా ఉంది. మెట్ల మీద ఎవరో చదువుకుంటున్నారు, ఎవరో పోట్లాడుకుంటున్నారు. గోడవైపు తిరిగిన బెంచీ మీద గుమాస్తా ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురెదురు బెంచీల మధ్య అత్తగారి దర్బారు. దర్జీ చెవిలో ఏదో గట్టిగా అరుస్తున్నదల్లా కోడలిని చూసి చెయ్యూపింది.

"ఇదిగో, ఈవిడే మా కోడలు! ఇన్నేళ్ళు గీసీ గీసీ, ఇంత గేటు గీసి, అది మూసుకోదన్న సంగతి చూసుకోలేదు పిచ్చిమొద్దు! దీని పుణ్యమాని మనమంతా ఇక్కడ కూర్చున్నాం. అదే కాస్త బుర్రున్నవాళ్ళ చేతిలో పడుంటే మన గతేమయ్యేదర్రా!"

అందరూ పగలబడి నవ్వారు. దర్జీకి వినపడకపోయినా అందరికన్నా గట్టిగా నవ్వాడు. బెంచీలమ్మకి ఒళ్ళు మండిపోయింది. నేను చూశానత్తయ్యా, అందరికన్నా ముందు నేనే చూశాను, మీ కోసమే రబ్బరు డబ్బాలో పెట్టేశాను అని అరవాలనిపించింది. ముసలావిడ మొహం చూసింది. ఆ మొహం నిండా నవ్వే.

"అవునత్తయ్యా, చూసుకోలేదు" అంది.

"జరగండర్రా, దానికి కాస్త చోటివ్వండి. ఎంతైనా నా కోడలు" అంటూ అత్తగారు ఆమె చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ తర్వాత ఎవరికీ వినపడకుండా, ఊరడిస్తున్నట్టుగా, "బాధపడకు. ఇకనైనా కాస్త చూసుకుని గీయవే" అంది.

"అలాగే అత్తయ్యా" అంది బెంచీలమ్మ, నవ్వూ ఏడుపూ రెండూ దిగమింగుకుంటూ.